అడ్డంగా వెళ్ళే లిఫ్టు

మా బావకి బండి నడపడం రాదు. ఆ సంగతి ఆయన లోపలే పడకా పొయ్యీ ఉండే పాత క్యారవాన్ ఒకటి కొని ఇంటి ముందు నిలబెట్టాక గానీ బయటపడలేదు. "నువ్వున్నావుగా మాస్టారూ!" అంటూ తాళంచెవులు నా చేతిలో పెట్టాడు. నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాను కాబట్టి ఇంటా బయటా అందరికీ మాస్టారినే. పందొమ్మిదేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని, కొత్తవాళ్ళు గోడల మీదికీ చెట్ల మీదికీ బండి తోలుతుంటే అరిచి అరిచి గొంతు అరగదీసుకున్నవాణ్ణి. సెలవు దొరికితే మంచం దిగకూడదన్నది నా ఏకైక ఆశయం. ఆ సెలవు కాస్తా ఆయనకి ధారపోశాను.

ఎందుకు ధారపోశానో చెప్పాలి. బావ ముప్పై నాలుగేళ్ళు ఒక పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. జాలీ తలుపు, ఇత్తడి పిడి, ఐదంతస్తులు. నీలం కోటు, నీలం టోపీ. కూర్చోడానికి స్టూలు ఇచ్చినా కూర్చునేవాడు కాదు, నిలబడే ఉండేవాడు. తర్వాత ఎవరికి వాళ్ళు గుండీ నొక్కుకునే కొత్త లిఫ్టు పెట్టి, ఆయన చేతిలో ఒక గోడగడియారం పెట్టి ఇంటికి పంపేశారు. రెండు వారాలు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. మూడో వారం నుంచి పొద్దున్న తొమ్మిదికల్లా మాయమైపోవడం మొదలుపెట్టాడు. నడకకి వెళుతున్నాడు కాబోలు, మంచిదే అనుకుంది మా అక్క.

ఒకరోజు పక్క వీధి అపార్టుమెంటు వాచ్‌మన్ వచ్చాడు. "అమ్మా, మీవారు రోజూ మా లిఫ్టులోనే ఉంటున్నారు. ఎవరినీ గుండీ నొక్కనివ్వడం లేదు" అన్నాడు.

అక్కకి తల తీసేసినట్టయింది. తీసుకురమ్మని నన్ను పంపింది. వెళ్ళి చూస్తే మూల నిటారుగా నిలబడి ఉన్నాడు, అదే కోటు, అదే టోపీ. "ఏ అంతస్తు?" అనడిగాడు, నన్ను చూసుకోకుండా. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంటికి నడుస్తూ అన్నాడు: "ముప్పై నాలుగేళ్ళు పైకీ కిందికీ తిరిగాను మాస్టారూ. అదంతా ఒక వరసలో పెడితే ఈపాటికి ఎక్కడో ఉండాల్సినవాణ్ణి. ఒక్కసారి అడ్డంగా వెళ్ళాలనుంది." ఆ మాటకి నేను కరిగిపోయాను. నెల తిరక్కుండానే క్యారవాన్ వచ్చింది.

అక్క అంత తేలిగ్గా కరిగే మనిషి కాదు. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని రెడీమేడ్ దుకాణానికి చొక్కా కాలర్లు కుడుతుంది. కాలరు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా విప్పి మళ్ళీ కుట్టే రకం. నడుం మీద చేతులు పెట్టుకుని క్యారవాన్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి తన షరతు చెప్పేసింది.

"పది రోజులు చూస్తానండీ. పదిరోజుల్లో ఒక్కరోజంటే ఒక్కరోజు, పొద్దున్న ఎనిమిదిలోపు, గొడవ పడకుండా, నలుగురం తెమిలి బండి కదలాలి. కదిలిందా, మీరు ఎంత దూరం అంటే అంత దూరం వస్తాను. కదల్లేదా, వెనక్కి తిప్పేసి బండిని కూరగాయలాయనకి ఇచ్చేద్దాం."

కూరగాయలాయన అప్పటికే రెండుసార్లు వచ్చి, వంకాయలు ఏ కిటికీలో పెట్టాలో చూసుకుని వెళ్ళాడు. బావ సరేనన్నాడు. అంటున్నప్పుడు ఆయన చూపు ఇంట్లో ఉన్న ఆ కుర్చీ మీదికి పోయింది. ఓడిపోతే మళ్ళీ అందులో కూర్చోవాలి, లేదంటే ఆ వాచ్‌మన్ చేత మళ్ళీ మాట పడాలి. మూడో దారి లేదు.

నలుగురం అంటే బావ, అక్క, నేను, బావవాళ్ళమ్మ. నాకు అత్తయ్య. ఎనభై రెండేళ్ళ మనిషి. ఆవిణ్ణి రమ్మని ఎవరూ పిలవలేదు. సామాను ఎక్కించడానికి తలుపు తీస్తే అప్పటికే లోపల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఇంకా ఎంతసేపర్రా?" అంది.

మొదటి పొద్దు గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నీరసం వస్తుంది. ఆ బండి లోపల నడవ నా భుజాలంత వెడల్పు. ఒక చివర తలుపు, తర్వాత గ్యాసు పొయ్యి, తర్వాత బల్ల, తర్వాత బాత్రూము, అటు చివర అక్కా బావల మంచం. రాత్రి బల్ల కిందికి దింపితే అదే నా పరుపు. నేను లేస్తే గానీ బల్ల ఉండదు. బల్ల ఉంటే గానీ అక్క రొట్టె కొయ్యడానికి చోటు లేదు. అత్తయ్య ఐదింటికే లేచి, నా పక్కనే ఉన్న పెట్టె మీద కూర్చుని, అందరి బట్టలూ ఆ పెట్టెలోనే ఉన్నాయని ఎంత చెప్పినా లేవదు. బాత్రూములో బావ ఉన్నాడని తెలియక నేను తలుపు లాగితే పిడి చేతిలోకి ఊడి వచ్చింది. ఆయన లోపల ఉండిపోయాడు. అక్క టీ గిన్నె పట్టుకుని ఇటు వస్తుంటే నేను దువ్వెన కోసం అటు వెళుతున్నాను. దారి ఇవ్వడానికి ఎవరు వెనక్కి తగ్గాలన్న దాని మీద అక్కా నేనూ చిన్నప్పటి గొడవలన్నీ తవ్వుకున్నాం. బండి కదిలేసరికి పదకొండున్నర. రెండో రోజు పన్నెండు దాటింది, ఎందుకంటే నిన్నటిలా కాకూడదని అందరం ఒకేసారి లేచాం.

మూడో రోజు పొద్దున్న కళ్ళు తెరిచేసరికి బావ నీలం కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని నా కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. గోడకి ఒక అట్ట అంటించాడు.

"మాస్టారూ, ఇది ఐదంతస్తుల భవనం. అడ్డంగా పడుకోబెట్టారు, అంతే తేడా" అన్నాడు.

ఆయన లెక్క ప్రకారం తలుపు కింది అంతస్తు. పొయ్యి మొదటిది, బల్ల రెండు, బాత్రూము మూడు, మంచం నాలుగు. లిఫ్టు పైకి వెళుతుంటే పైకి వెళ్ళేవాళ్ళనే ఎక్కించుకుంటుంది, మధ్యలో ఎవడో కిందికి రమ్మని పిలిచినా తిరగదు. పైదాకా వెళ్ళాకే దిగడం. నడవలో కూడా అంతే. ఒక ట్రిప్పులో అందరూ తలుపు నుంచి మంచం వైపే కదలాలి, తర్వాతి ట్రిప్పులో మంచం నుంచి తలుపు వైపే. ఎదురు రావడం అన్నది లేదు. ఏదైనా మర్చిపోతే తర్వాతి ట్రిప్పు వచ్చేదాకా ఉన్నచోటే ఆగాలి. ఎవరు ఎప్పుడు కదలాలో ఆయన చెబుతాడు. అంతా అయ్యాక తలుపు పక్కన బిగించిన గంట ఒకసారి మోగిస్తాడు. మోగితే నేను బండి తియ్యాలి.

"మతి గానీ పోయిందా?" అంది అక్క.

"మూడో అంతస్తు! సబ్బు, తువ్వాళ్ళు, పళ్ళపొడి!" అని అరిచాడు బావ.

నవ్వకండి, పని చేసింది. ఆ రోజు తొమ్మిదీ నలభైకి బయల్దేరాం. నాలుగో రోజు తొమ్మిదింపావు. నేను ఒకసారి ఒక బుగ్గ గీసుకున్నాక బ్లేడు మొద్దుబారిందని గమనించాను. కొత్త బ్లేడు నాలుగో అంతస్తులో ఉంది, ట్రిప్పు కిందికి పోతోంది. సగం గడ్డంతో పావుగంట నిలబడ్డాను. అక్క కళ్ళజోడు లేకుండా పొయ్యి దగ్గర చిక్కుపడి, ఉప్పు ఏదో పంచదార ఏదో నాకి చూసుకుంది. అత్తయ్యకి మాత్రం ఈ ఏర్పాటు తెగ నచ్చేసింది. ఊరికే నాలుగో అంతస్తుకి వెళ్ళి, కిటికీలోంచి ఓసారి చూసి, మళ్ళీ కిందికి వచ్చేది. "ఎందుకమ్మా?" అంటే, "నీ లిఫ్టు నన్నెప్పుడు ఎక్కించావురా?" అంది. ఆ రోజు నుంచి ఆవిడకి పెట్టె మీంచి లెమ్మని చెప్పాల్సిన అవసరం రాలేదు.

తలుపు వెయ్యబోయే ముందు బావకి ఇంకో అలవాటు ఉండేది. తల బయటికి పెట్టి అటూ ఇటూ చూసేవాడు, ఇంకెవరైనా ఎక్కేవాళ్ళున్నారేమోనని. ఖాళీ మైదానంలో ఎవరుంటారు, మా మొహం. అయినా చూడందే తలుపు వేసేవాడు కాదు. దారి పొడుగునా కూర్చునేవాడూ కాదు. తలుపు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చేవాడు.

ఎనిమిదో రోజు ఎనిమిదీ ఆరుకి కదిలాం. ఆరు నిమిషాలు! బావ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు. రేపు కొట్టేస్తాం అనుకున్నాం అందరం.

తొమ్మిదో రోజు అక్క పొయ్యి మీద పాలు పెట్టి, పంచదార డబ్బా కోసం ఒక్క అడుగు తలుపు వైపు వేసింది. నేను బాత్రూములోంచి వస్తున్నాను కాబట్టి ట్రిప్పు కిందికి నడుస్తోంది. వెనకనుంచి పాలు పొంగుతున్న చప్పుడు. అక్క గిరుక్కున తిరిగింది. అప్పటికే మా ఇద్దరి మధ్యా బావ చెయ్యి అడ్డం పెట్టి ఉన్నాడు. "ముందు మాస్టారు దిగుతారు. నువ్వు తర్వాత" అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట అలవాటుగా వచ్చేసిందని నాకు తెలుసు. పాలన్నీ పొయ్యి మీదా, గట్టు మీదా, అత్తయ్య చెప్పుల మీదా పారాయి. మంట ఆరిపోయింది.

"నేను మీ ఆఫీసులో గుమస్తాని కాను!" అని అక్క కయ్యిమంది. గోడ మీది అట్ట పీకి నాలుగు ముక్కలు చేసింది. "రేపు ఆఖరి రోజు. రేపు మామూలుగా లేచి, మామూలుగా తిని, వెనక్కి తిప్పుకుని మనింటికి పోదాం. నాకీ లిఫ్టూ వద్దు, ఈ బండీ వద్దు."

ఇక ఆ రోజంతా బావతో మాట్లాడితే ఒట్టు. బావ పొయ్యి కింద దూరి, గుడ్డముక్కతో పాల మరకలు తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

పదో రోజు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. బావ అంతస్తులు అరవలేదు. కానీ ఏడు రోజుల అలవాటు ఎక్కడికి పోతుంది? నేను లేచి పరుపు ఎత్తబోతే బావ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఉక్కగా ఉందని కోటు విప్పి, తలుపు పక్క కొక్కేనికి తగిలించి, మీద టోపీ పెట్టాడు. అత్తయ్య మంచం వైపు నడిచింది, వెనకాలే నేను, నా వెనకాల అక్క. తిరిగి వచ్చేటప్పుడూ అదే వరస. ఒకరి భుజం ఒకరికి తగల్లేదు. టీ అయింది, కప్పులు కడిగాం, చక్రాల కింది దిమ్మలు తీశాను. గడియారం చూస్తే ఏడూ నలభై ఎనిమిది. ఈ మాట పైకి అంటే ఎక్కడ చెడిపోతుందోనని నోరు మూసుకుని వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను. అక్క బల్ల దగ్గర, తలుపుకి వీపు పెట్టి, మూతి బిగించుకుని కూర్చుంది.

గంట మోగింది. ఏడూ యాభై రెండు. అద్దంలో చూశాను, తలుపు మూసి ఉంది, పక్కన నీలం కోటు నిలబడి ఉంది. బండి తీశాను.

మూడు కిలోమీటర్లు పోయాక ఇక ఉండబట్టలేకపోయాను. "ఎనిమిది నిమిషాలు ముందే బయల్దేరాం, గొడవ లేకుండా!" అని అరిచాను. ఎవరూ పలకలేదు. నాలుగైదు కిలోమీటర్లు అలాగే పోయాక అక్క గొంతు సవరించుకుంది. వెనక్కి తిరగలేదు.

"వింటున్నారా?" అంది. "పాలు పొంగితే పొంగాయి. నిన్న నేను మరీ అంతలేసి మాటలు అనుండకూడదు. మీరు అక్కడ కూర్చుని ఆ పొయ్యి తుడుస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. రాత్రంతా నిద్రపోలేదు. ఆ పక్క వీధి లిఫ్టులో మిమ్మల్ని మళ్ళీ చూడలేనండీ. అంతకంటే రోజూ పాలు పొంగినా నయమే."

మా అక్క పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంత పొడుగు క్షమాపణ చెప్పడం నేను విన్లేదు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. వెనకనుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు.

"పలకరేం?" అంది అక్క.

జవాబు లేదు.

"ఇంత చెప్పించుకుని ఇంకా బెట్టేనా? తమ్ముడు వింటున్నాడన్న సిగ్గు కూడా లేకుండా నేను చెబుతుంటే..." అని గిరుక్కున తిరిగి, చేతికందిన తడి తువ్వాలు విసిరింది. టోపీ ఎగిరి కింద పడింది. దాని కింద తల లేదు.

బ్రేకు తొక్కాను. పందొమ్మిదేళ్ళలో అంత బాగా ఎప్పుడూ తొక్కలేదు. ముగ్గురం ఆ కోటు కేసి గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాం. నేను ఫోను తీసి బావకి కలిపాను. కోటు జేబు మోగింది.

"ఎత్తరా, మోగుతోంది" అంది అత్తయ్య కోటుతో.

"అత్తయ్యా! గంట ఎవరు కొట్టారు?"

"నేనే. తలుపు వేసుంది, వాడు నిలబడి ఉన్నాడు, ఎనిమిది కావొస్తోంది. ఇంకెవరు కొడతారు? మీకెవరికైనా పట్టిందా?"

బండి వెనక్కి తిప్పాను. అక్క వచ్చి నా పక్క సీట్లో కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, "ఇంకొంచెం తొందరగా పోనీ" అంటూనే ఉంది. ఆ రోడ్డు మీద అంతకంటే తొందరగా పోతే నేనే నా విద్యార్థుల్ని తిట్టేవాణ్ణి. అయినా పోనిచ్చాను.

సగం దూరం వెళ్ళామో లేదో ఎదురుగా ఎండుగడ్డి లారీ వచ్చింది. గడ్డి మీద, ఆకాశానికి దగ్గరగా, చొక్కా చేతులు మడిచి బావ! మమ్మల్ని చూసి లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు. "ఇటు! ఇటు!" అంటూ ముందుకి చూపిస్తూ మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ బండి తిప్పాల్సి వచ్చింది. ఆ ఇరుకు రోడ్డులో అంత పొడుగు బండిని తిప్పడం ఎంత పనో డ్రైవింగ్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా లాభం లేదు.

పెట్రోలు బంకు దగ్గర లారీ ఆగింది. మేం చేరేసరికి బావ లారీ డ్రైవరు కొనిచ్చిన టీ తాగుతున్నాడు. జుట్టు నిండా గడ్డి.

"ఎలా దిగిపోయారు?" అంది అక్క, రొప్పుతూ.

"తలుపు వేద్దామని చూశానా, అటు చివరనుంచి ఒక ముసలాయన బకెట్టు పట్టుకుని వస్తూ చెయ్యెత్తాడు. ఆపమన్నాడేమో అనుకున్నాను. పాపం నడవలేకపోతున్నాడు. తొందర లేదు రండి అంటూ ఎదురెళ్ళాను. లిఫ్టుమాన్ దిగితే తలుపు తీసి ఉంచకూడదు కదా, వేసి వెళ్ళాను." టీ ఒక గుక్క తాగాడు. "మనం వెళ్ళొస్తామంటున్నామనుకుని చెయ్యి ఊపాడట, అంతే."

నేను తల పట్టుకున్నాను. "బావా! ఏడూ యాభై రెండుకి కదిలాం. నువ్వు గెలిచావు!"

బావ గ్లాసు కింద పెట్టాడు. "ఎలా గెలుస్తాను మాస్టారూ? నలుగురం అనుకున్నాం కదా. ముగ్గురే వెళ్ళారు. మాటంటే మాటే." అక్క వైపు చూసి నవ్వాడు. అది బెట్టుగా నవ్విన నవ్వు కాదు. "పర్లేదే. ఆ గడ్డి మీద వెల్లకిలా పడుకుని వచ్చాను. ఎవరూ ఏ అంతస్తూ అడగలేదు. ఎంత దూరం వెళ్ళానో! నా కోరిక తీరిపోయింది. ఇక ఇంటికి పోదాం పద. ఆ కుర్చీలో కూర్చుంటాను, ఎక్కడికీ పోను, నీకు తలవంపులు తేను."

అక్క ఆయన జుట్టులోంచి గడ్డిపరకలు ఏరడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు ఏరింది. కోటుతో చెప్పిన మాటలు మళ్ళీ చెబుతుందేమోనని ఎదురుచూశాను. చెప్పలేదు.

"మీ కోరిక తీరింది, సరే" అంది. "ఇల్లు కదలాలని ఉందా అని నన్ను మాత్రం ఒక్కరైనా అడిగారా? ముప్పై నాలుగేళ్ళు మీరు పైకీ కిందికీ అయినా తిరిగారండీ. నేను ఆ మిషను ముందునుంచి లేచానా?"

బావ తల దించుకుని చేతి మీది గడ్డి దులుపుకున్నాడు. నేనూ అడగలేదు మరి, తోడబుట్టినవాణ్ణి.

అక్క ముక్కు తుడుచుకుని, బండెక్కి, ముందు సీట్లో నా పక్కన కూర్చుని, కిటికీ అద్దం పూర్తిగా దించింది.

"మీ కుర్చీ గోల తర్వాత, ముందు ఎక్కండి" అని భర్తకి చెప్పి, నా వైపు తిరిగింది. "తమ్ముడూ, ఈ రోడ్డు ఎంతవరకూ పోతుంది?"

"తెలీదక్కా."

"అయితే పోనీ."